సిండీ లాపర్ 'ట్వెల్వ్ డెడ్లీ సిన్స్': ముప్పై రూపాయల సీడీ, 12వ పాట దగ్గర ఆగిపోతోంది

అబిడ్స్_ఆదివారం
నమస్తే అందరికీ. పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంజినీరింగ్ పుస్తకాల కింద ఒక సీడీ కనిపించింది. నలభై అన్నాడు, ముప్పైకి ఇచ్చాడు. సిండీ లాపర్ హిట్స్ కలెక్షన్, 'ట్వెల్వ్ డెడ్లీ సిన్స్... అండ్ దెన్ సమ్'. నాకు ఈవిడవి రెండే తెలుసు, 'గర్ల్స్ జస్ట్ వాంట్ టు హ్యావ్ ఫన్', 'టైమ్ ఆఫ్టర్ టైమ్'. ఆ రెండింటి కోసమే కొన్నాను. ఇంటికొచ్చి పెడితే మొదటి పాటకే బుర్ర తిరిగిపోయింది, ఆ పేరే ఎప్పుడూ వినలేదు. ఒక్కో పాట ఒక్కో మనిషి పాడినట్టుంది. ఒకటి రాక్, ఒకటి జోలపాట, ఒకటి జమైకా తరహా రెగె. అసలు ఈవిడ ఏ రకం సింగర్? ఇంకో సంగతి, 12వ పాట 'శాలీస్ పిజన్స్' మొదలైన నిమిషానికల్లా టక్ టక్ టక్ అని అక్కడే కొట్టుకుంటోంది. పేరులో పన్నెండు అని ఉంది, లోపల 14 పాటలున్నాయి, అదీ అర్థం కాలేదు. ఎవరి దగ్గరైనా ఈ ఆల్బమ్ ఉందా?

బెజవాడ_బాసు
తమ్ముడూ, నీకు తెలిసిన ఆ రెండే అసలు హిట్లు, మిగతా పన్నెండూ పెసరట్టులో ఉప్మా లాంటివి, కడుపు నిండటానికి. 84లో ఒక వెలుగు వెలిగింది, మడోనా వచ్చాక ఎవరికీ గుర్తు లేదు. గ్రేటెస్ట్ హిట్స్ అంటే బిల్లీ జోయెల్‌ది విను, 85లో వచ్చిన డబుల్ ఆల్బమ్.

వాల్తేరు_రేడియో
బాసు గారూ, పొద్దున్నే మొదలెట్టారా? ఉప్మా లేకపోతే బెజవాడలో పెసరట్టు ఎవడు తింటాడండీ!
లెక్క చెప్తా వినండి. మొదటి ఆల్బమ్ 'షీజ్ సో అన్‌యూజువల్' 1983లో వచ్చింది. అందులోంచి నాలుగు పాటలు అమెరికా చార్టులో మొదటి ఐదు స్థానాల్లోకి వెళ్లాయి. 'గర్ల్స్' 2, 'టైమ్ ఆఫ్టర్ టైమ్' 1, 'షీ బాప్' 3, 'ఆల్ త్రూ ద నైట్' 5. మొదటి ఆల్బమ్‌తోనే ఆ పని చేసిన మొదటి గాయని ఈవిడే. మరి 86లో 'ట్రూ కలర్స్' మళ్లీ ఒకటో స్థానం. రెండే హిట్లట!
నేను ఇంటర్‌లో ఉండగా మా అన్నయ్య ఫ్రెండ్ షిప్పులో పనిచేసేవాడు, సింగపూర్ నుంచి ఒరిజినల్ క్యాసెట్ తెచ్చాడు. దాన్ని రికార్డింగ్ సెంటర్‌లో ఇచ్చి సోనీ 60 నిమిషాల ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించుకున్నాం. ఏ సైడ్ చివర 'టైమ్ ఆఫ్టర్ టైమ్' సగంలో టేపు అయిపోయేది. మిగతా సగం కోసం టేపు తిప్పి, ముందుకి పరిగెత్తించి... ఇప్పటికీ ఆ పాట వింటే ఆ చోటికి వచ్చేసరికి నా చెయ్యి లేస్తుంది, క్యాసెట్ తిప్పటానికి.

అబిడ్స్_ఆదివారం
అక్కా, రికార్డింగ్ సెంటర్ అంటే?

వాల్తేరు_రేడియో
నీ వయసెంత నాయనా? ఖాళీ క్యాసెట్టు, పాటల లిస్టు రాసిన కాగితం ఇస్తే రెండు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాళ్లు. పాటకింతని లెక్క. లిస్టులో ఏది ముందు, ఏది వెనక అని ఇంట్లో కొట్టుకునేవాళ్లం. మా గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బమ్‌లన్నీ అలా మేం వేసుకున్నవే.

న్యూజెర్సీ_నాయుడు
14 పాటల సంగతి నేను చెప్తాను. 'సెవెన్ డెడ్లీ సిన్స్' అని క్రైస్తవ మతంలో ఏడు మహాపాపాలుంటాయి. ఈవిడ పేరు సిండీ కాబట్టి పాపాల 'సిన్స్'ని తన పేరు స్పెల్లింగ్‌తో రాసి, ఏడుని పన్నెండు చేసింది. 'అండ్ దెన్ సమ్' అంటే ఇంకొన్ని కూడా అని. నీ సీడీ వెనక చూడు. 12వది 'శాలీస్ పిజన్స్', ఆ తర్వాత 'హే నౌ', 'కమ్ ఆన్ హోమ్'. ఆ రెండూ ఈ కలెక్షన్ కోసమే చేసినవి, అవే కొసరు. ఐరోపాలో 94లో వచ్చింది, ఇంగ్లండులో రెండో స్థానం దాకా వెళ్లింది. మా అమెరికాలో మాత్రం తీరిగ్గా 95లో వదిలారు. సొంత ఊళ్లో మనిషికి విలువ ఉండదు కదా.

గోదారి_గాత్రం
నేను సంగీతం టీచర్ని, రాజమండ్రిలో. పాశ్చాత్య సంగీతం నా సబ్జెక్టు కాదు, కానీ ఈ గొంతు గురించి నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేను.
బాబూ, ఆ మొదటి పాట మళ్లీ విను, 'ఐయామ్ గొన్నా బీ స్ట్రాంగ్'. 1964లో జీన్ పిట్నీ అనే ఆయన పాడిన పాట అది. ఎక్కడో కింద, మాట్లాడుతున్నట్టు మొదలవుతుంది. పల్లవి, చరణం, పల్లవి అనే వరస లేదు. మెట్టు మెట్టు ఎక్కుతూ పోవటమే, దిగటం లేదు. చివరి పదిహేను సెకన్లలో గొంతు తారస్థాయిలో నిలబడుతుంది చూడు, అక్కడ శ్రుతి వెంట్రుకవాసి కూడా జారదు. నేను హార్మోనియం పక్కన పెట్టుకుని సరిచూశాను. నాలుగు ఆక్టేవ్‌ల గొంతు అని ఊరికే అనరు, మన లెక్కలో నాలుగు స్థాయిలన్నమాట. అంతటి గొంతున్న మనిషి 'గర్ల్స్'లో కావాలని చిన్నపిల్లలా, ఎక్కిళ్లు వచ్చినట్టు పాడింది. మన జానకి గారు చిన్నపిల్లల గొంతుతో పాడారు కదా, వినేవాడు నవ్వి ఊరుకుంటాడు, ఆ పని ఎంత కష్టమో పాడేవాళ్లకే తెలుస్తుంది.
1977లో ఈవిడ గొంతు పూర్తిగా పోయింది. అరిచి అరిచి స్వరతంత్రులు దెబ్బతిన్నాయి. ఇక పాడలేవని డాక్టర్లు చెప్పేశారు. కేటీ అగ్రెస్టా అనే గాత్రం టీచర్ దగ్గర మొదటినుంచి సాధన చేసి మళ్లీ తెచ్చుకుంది. ఈ ముక్క మా పిల్లలకు ఏడాదికోసారి చెప్తాను, గొంతు చించుకుని పాడేవాళ్లకు రెండుసార్లు.

బెజవాడ_బాసు
మేడమ్, గొంతు బాగుందని నేనూ ఒప్పుకుంటా. కానీ పాటలు సొంతం కాదుగా? ఆ మొదటిది పిట్నీది. 'గర్ల్స్' రాబర్ట్ హజార్డ్ అనే ఆయన రాసుకున్నది. 'మనీ ఛేంజెస్ ఎవ్రీథింగ్' ద బ్రెయిన్స్ అనే బ్యాండ్‌ది. 'ఆల్ త్రూ ద నైట్' జూల్స్ షియర్‌ది. 'వాట్స్ గోయింగ్ ఆన్' మార్విన్ గే పాట. అరువు సరుకుతో హిట్స్ కలెక్షనా!

న్యూజెర్సీ_నాయుడు
బాసూ, ఇన్ని వివరాలు తెలిసినవాడివి, రెండే హిట్లని ఎలా అన్నావయ్యా? 😀
'గర్ల్స్' సంగతి చెప్తా. హజార్డ్ 1979లో దాన్ని మగవాడి వైపు నుంచి రాశాడు, అమ్మాయిలందరికీ నాతో సరదా కావాలి అనే ధోరణిలో. ఈవిడ ముందు పాడనంది. తర్వాత మాటలు మార్చి మొత్తం తిప్పేసింది, అదే పాట ఆడపిల్లల హక్కు పాటైపోయింది. వీడియోలో అమ్మగా కనిపించేది వాళ్ల సొంత అమ్మే. నాన్న వేషం లూ ఆల్బానో, కుస్తీల్లో పేరున్న మనిషి. ఒకరి పాట తీసుకుని దాని అర్థమే మార్చగలిగితే అది అరువు ఎలా అవుతుంది?

వాల్తేరు_రేడియో
'ట్రూ కలర్స్' కూడా అంతే. బిల్లీ స్టైన్‌బర్గ్, టామ్ కెల్లీ రాశారు. వాళ్ల డెమో చర్చిలో పాడే పాటలా, పియానో మీద నిండుగా ఉండేదట. ఈవిడ అన్నీ పీకేసింది. ఒక తాళం, గంట మోగినట్టు నాలుగు శబ్దాలు, చెవిలో చెప్తున్నట్టు గొంతు, అంతే. ఆ రోజుల్లో వచ్చిన పాటలన్నిట్లో డ్రమ్స్ ఢమఢమ మోగుతుంటే ఈ పాట వచ్చేసరికి గదిలో ఫ్యాను చప్పుడు వినిపించేది. ఎయిడ్స్‌తో పోయిన స్నేహితుడు ఆవిడ మనసులో ఉన్నాడు అప్పుడు. తర్వాత్తర్వాత స్వలింగ సంపర్కులు ఆ పాటని తమదిగా చేసుకున్నారు. ఇల్లు లేక రోడ్డున పడ్డ అలాంటి పిల్లల కోసం ఆవిడ పెట్టిన సంస్థకు కూడా ఆ పాట పేరే పెట్టింది.

కడప_కుర్రోడు
'షీ బాప్' గురించి ఎవరూ మాట్లాడట్లేదేం 😄 మా హాస్టల్‌లో దానికి డ్యాన్స్ కూడా కట్టాం, వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ గారు చప్పట్లు కొట్టారు. అర్థం పదేళ్ల తర్వాత తెలిసింది.

మోడరేటర్
ఆ అర్థం ఇక్కడ విడమరచనక్కర్లేదు, పిల్లలు కూడా చదువుతారు. 1985లో అమెరికాలో కొందరు రాజకీయ నాయకుల భార్యలు కలిసి అభ్యంతరకరమైన 15 పాటల జాబితా ఒకటి తయారుచేశారు, అందులో ఈ పాట ఉంది. ఆల్బమ్‌ల మీద తల్లిదండ్రులకు హెచ్చరిక స్టిక్కర్ రావడానికి ఆ గొడవే కారణం. ఇక్కడితో ఈ పాట సంగతి ఆపేద్దాం.

కడప_కుర్రోడు
సరే సార్. ప్రిన్సిపాల్ గారికి మాత్రం చెప్పొద్దు.

బెజవాడ_బాసు
సరే, పాటలు మార్చి పాడింది, ఒప్పుకున్నా. కానీ సెలెక్షన్‌లో తప్పుంది. ప్రిన్స్ రాసిన 'వెన్ యు వర్ మైన్' ఏది? మొదటి ఆల్బమ్‌లో నాకు నచ్చిన పాటల్లో అదొకటి, తీసేశారు. 'గూనీస్' సినిమా పాట కూడా లేదు. అది 85లో టాప్ టెన్‌లోకి వెళ్లింది.

వాల్తేరు_రేడియో
గూనీస్ పాట ఆవిడకే ఇష్టం లేదు, చాలా ఏళ్లు స్టేజీ మీద కూడా పాడేది కాదు. ఇష్టం లేని చుట్టాన్ని పెళ్లికి పిలుస్తారా? ప్రిన్స్ పాట విషయంలో మాత్రం మీ వైపే నేను. దాని బదులు 'దట్స్ వాట్ ఐ థింక్' తీసేసినా నాకు బాధ లేదు.
(చూశారా, మళ్లీ లిస్టు దగ్గర కొట్టుకుంటున్నాం, 1985లో లాగే.)

గోదారి_గాత్రం
'టైమ్ ఆఫ్టర్ టైమ్' సొంతమేనండీ బాసు గారూ. రాబ్ హైమన్, ఆవిడ కలిసి కట్టారు. ఆల్బమ్ దాదాపు అయిపోయాక నిర్మాత ఇంకొక్క పాట కావాలన్నాడట. ఆవిడ టీవీ ప్రోగ్రాముల పత్రిక తిరగేస్తుంటే ఆ పేరుతో ఒక సినిమా కనిపించింది. ముందు ఊరికే గుర్తు కోసం పెట్టుకున్న పేరు, మార్చాలనుకుంది, ఇక మారలేదు. పల్లవిలో కింద వినిపించే మగ గొంతు హైమన్‌దే. 85లో మైల్స్ డేవిస్ తన ట్రంపెట్ మీద వాయించాడు ఈ పాటని. జాజ్‌లో అంతటి విద్వాంసుడు ఏడాది కిందటి పాప్ పాటని కచేరీలో పెట్టుకున్నాడంటే అందులో ఏదో ఉండాలి కదా. మొన్న మా వయొలిన్ పిల్లాడితో వాయించి చూశాను. స్వరాలు చాలా తక్కువ, ఒక చిన్న చోటులోనే తిరుగుతూ ఉంటుంది. అందుకే ఎవరు పాడినా నిలబడుతుంది.

న్యూజెర్సీ_నాయుడు
'ఐ డ్రోవ్ ఆల్ నైట్' కథ కూడా చెప్పాలి. రాసింది 'ట్రూ కలర్స్' జంటే. రాయ్ ఆర్బిసన్ 87లోనే పాడి పెట్టాడు కానీ అది బయటకొచ్చింది ఆయన పోయాక, 92లో. మధ్యలో 89లో ఈవిడది వచ్చి హిట్టయింది. రాత్రంతా కారు నడుపుకుంటూ ప్రియుడి దగ్గరకు వెళ్లేది ఆడమనిషి అన్నమాట, స్టీరింగ్ ఆవిడ చేతిలో ఉంది. నేను చలికాలం రాత్రి టర్న్‌పైక్ హైవే మీద డ్యూటీ నుంచి వస్తూ ఈ పాట పెడితే ఎగ్జిట్ దాటిపోయాను ఒకసారి, ఇంట్లో అక్షింతలు పడ్డాయి.
మడోనా వచ్చాక మాయమైంది అన్నారుగా బాసు గారు, 2013లో 'కింకీ బూట్స్' అనే బ్రాడ్‌వే నాటకానికి పాటలన్నీ ఈవిడే కట్టింది. దాని సంగీతానికి బెస్ట్ స్కోర్ టోనీ, అంటే అక్కడ నాటకాలకిచ్చే అవార్డు, వచ్చింది, మహిళ ఒక్కరే ఆ అవార్డు గెలవటం అదే మొదటిసారి. మేమిద్దరం చూశాం. మా ఆవిడకు ఇంగ్లిష్ నాటకాలంటే నిద్ర, దానికి మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి కూడా తీసుకున్నారు.

పాతబస్తీ_పావురం
సలాం అందరికీ. నేను ఎక్కువ రాయను, చదువుతుంటా. 12వ పాట గురించి ఎవరూ చెప్పలేదు, అందుకే వచ్చాను.
మాది హుస్సేనీ ఆలం వైపు. మా మామయ్యకు మిద్దె మీద పావురాలుండేవి, ముప్పై నలభై. సాయంత్రం గూడు తలుపు తీసి, పొడుగాటి వెదురు కర్రకు గుడ్డ కట్టి ఊపేవాడు. గుంపంతా లేచి చార్మినార్ వైపు ఒక చుట్టు, రెండు చుట్లు... 'ఆవ్ ఆవ్ ఆవ్' అని పిలిచి జొన్నలు చల్లితే మళ్లీ వచ్చి దిగేవి. ఒకటి తక్కువైతే ఆ రాత్రి ఆయన అన్నం తినేవాడు కాదు.
సిండీ లాపర్ పెరిగింది న్యూయార్క్ క్వీన్స్‌లో, ఓజోన్ పార్క్ అనే పేదల పేటలో. అక్కడా మిద్దెల మీద పావురాలు పెంచేవాళ్లున్నారు. 'శాలీస్ పిజన్స్' అదే. ఇద్దరు చిన్నపిల్లలు, ఆడుకుంటూ పావురాలు ఎగరటం, తిరిగి రావటం చూస్తుంటారు. పెద్దయ్యాక ఒక అమ్మాయి ప్రేమలో పడుతుంది, కడుపొస్తుంది, దొంగచాటుగా ఎక్కడో తీయించుకోవటానికి వెళ్తుంది, తిరిగి రాదు. ఆవిడ చిన్ననాటి స్నేహితురాలి కథ ఇది, నిజంగా జరిగింది. మేరీ చాపిన్ కార్పెంటర్ అనే గాయనితో కలిసి రాసింది. 93లో వచ్చిన 'ఎ హ్యాట్ ఫుల్ ఆఫ్ స్టార్స్' లోది. పెద్ద హిట్టేం కాదు. అయినా హిట్స్ ఆల్బమ్‌లో పన్నెండోదిగా పెట్టుకుంది. నాకు ఆ పని నచ్చింది.
గొంతు పెంచదు పాట మొత్తంలో. ఏడుపు కూడా లేదు. పైన ఎగురుతున్నవాటిని చూస్తూ చెప్తున్నట్టుంటుంది, అంతే.

బెజవాడ_బాసు
...ఇది నేనెప్పుడూ వినలేదు. హిట్లే ఏరుకుని వినే అలవాటు. ఇప్పుడు వింటాను.

వాల్తేరు_రేడియో
పావురం గారూ, ఇన్నాళ్లూ ఊరుకున్నారేంటండీ, రాస్తుండండి.

అబిడ్స్_ఆదివారం
సరిగ్గా ఆ పాట దగ్గరే కదా నా సీడీ ఆగిపోయేది! ఏం చెయ్యాలి? ఫోన్‌లో వినొచ్చు, నాకు తెలుసు, కానీ కొన్నాక ఇందులోనే వినాలని పట్టుదల వచ్చింది. టూత్‌పేస్ట్ రాయమని ఒక వీడియోలో చూశా.

కడప_కుర్రోడు
టూత్‌పేస్ట్ జోలికి పోకు అన్నా, నేను ఒకదాన్ని అలా తగలెట్టా. ముందు సీడీని లైటుకి ఎదురుగా పట్టుకో. గీత మెరిసే వైపు ఉంటే భయం లేదు, అది పైనున్న ప్లాస్టిక్ పొర మాత్రమే. బొమ్మ వేసిన వైపు గీత పడి, అందులోంచి వెలుతురు కనపడిందో, డేటా ఉన్న పొరే లేచిపోయినట్టు, ఇక ఎవరూ బాగుచెయ్యలేరు. మెత్తటి తడిగుడ్డతో మధ్యలోంచి అంచుకి నిలువుగా తుడు, గుండ్రంగా తిప్పుతూ తుడవకు. సీడీ లోపలి నుంచి బయటికి చదువుకుంటూ పోతుంది కదా, 14 పాటల్లో పన్నెండోదంటే అంచు వైపు, అక్కడే వేళ్లు తగిలి జిడ్డు ఎక్కువ పడుతుంది. అప్పటికీ ఆగితే కంప్యూటర్ డ్రైవ్‌లో తక్కువ స్పీడులో కాపీ చెయ్యి.

న్యూజెర్సీ_నాయుడు
ఒకటి గుర్తొచ్చింది. పావురాలంటే గుర్తొచ్చింది. అంతకుముందు పాడిన బ్యాండ్ బ్లూ ఏంజెల్ విడిపోయాక పాత మేనేజర్ కేసు వేస్తే దివాలా తీసింది ఈవిడ. కోర్టులో జడ్జి 'ఆ కెనరీ పిట్టని పాడుకోనివ్వండి' అన్నాడట. 2023లో ఆవిడ మీద వచ్చిన డాక్యుమెంటరీకి ఆ మాటే పేరుగా పెట్టారు. ఆ బ్యాండ్‌లో ఉండగా 1980లో పాడిన పాటే నీ సీడీలో మొదటిది, పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ పాడి పెట్టింది. ఎవరూ కొనని ఆల్బమ్‌లోని పాటని తీసుకొచ్చి హిట్స్ ఆల్బమ్‌కి ముందు పెట్టుకుంది చూడు.

గోదారి_గాత్రం
అందుకా! మొదటిది, పన్నెండోది... రెండూ చార్టుతో పనిలేనివి. నాయుడు గారూ, ఇది నాకు తట్టలేదు సుమండీ.

బెజవాడ_బాసు
విన్నాను. రెండుసార్లు.
'వెన్ యు వర్ మైన్' లేకపోవటం మాత్రం తప్పే. దాని మీద వెనక్కి తగ్గను.

అబిడ్స్_ఆదివారం
అప్‌డేట్: గీత మెరిసే వైపే ఉంది. కళ్లజోడు తుడుచుకునే గుడ్డతో తుడిచా, మా నాన్న పాత డెక్‌లో పెట్టా. రెండుచోట్ల చిన్నగా టక్‌మంది కానీ ఆగలేదు, చివరిదాకా పాడింది. నాన్న పేపర్ చదువుతూ, ఎవర్రా ఈ అమ్మాయి, ఏదో పోగొట్టుకున్నట్టుంది అన్నారు. ఆయనకి ఇంగ్లిష్ పాటలు ఒక్క ముక్క అర్థం కాదు. ఇంతలోనే 'హే నౌ' మొదలైంది, రెగె, అదే 'గర్ల్స్' పాట నింపాదిగా. అది మాత్రం బాగాలేదు, తీసెయ్ అన్నారు.

పాతబస్తీ_పావురం
మీ నాన్నగారికి నా సలాం చెప్పండి. ఆ సీడీ ఒకసారి ఇస్తారా? అబిడ్స్ నాకు దగ్గరే. మామయ్యకు వినిపించి వచ్చే ఆదివారం తెచ్చిస్తాను.